గడీ ముందు బూట్లు విప్పిన పాదిరి

మా చిన్న పాదిరి చనిపోయాడన్న కబురు శనివారం పొద్దున నార్కట్‌పల్లి నుంచి వచ్చిన ఉప్పు బండి మనిషి తెచ్చాడు. కోస్గి దిక్కు ఊళ్ళు తిరుగుతుంటే జ్వరం పట్టుకుందట, మంచం పట్టి నాలుగు రోజులైనా బతకలేదట. ముప్పయి నాలుగేండ్లు. నాకు ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఇంత పెద్ద నిజాం రాజ్యంలో ఆ జ్వరానికి వేరే మనిషే దొరకలేదా? మా గడీ అరుగు మీద దొర అంత కండతో కూర్చుని ఉంటే కనబడలేదా?

పోయినవాళ్ళ గురించి రాసేటప్పుడు ఎవరినీ తిట్టకూడదంటారు. నేను చదివింది నాలుగో తరగతి. ఆ పాఠం అయిదులో ఉందేమో, నాకు తెలియదు.

పదేండ్ల కింద ఆయన సముద్రాలు దాటి మా ఊరికి వచ్చినప్పుడు, తెలుగు నేర్పడానికీ ఊళ్ళు తిప్పడానికీ మిషన్ వాళ్ళు నన్ను పెట్టారు. మాది చెప్పులు కుట్టే ఇల్లు. వాడలో నాలుగు అక్షరాలు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే, అల్లరిలో కూడా మొదటివాణ్ణి నేనే. ఆ రెండో సంగతి మిషన్ వాళ్ళు విచారించలేదు.

పాదిరి తెల్లవారకముందే లేచి తన నీళ్ళు తానే మరగబెట్టుకునేవాడు. జొన్నరొట్టె విరవడం చేతగాక ఒకనాడు కత్తెర తెచ్చి కత్తిరించుకు తిన్నాడు. పచ్చిమిరపకాయ తొడిమతో సహా తినకపోతే వండిపెట్టిన ఇల్లాలు అలుగుతుందని నేను చెబితే, అదీ తిన్నాడు. కండ్లనిండా నీళ్ళు కారుతుంటే ఇంకొకటి అడిగాడు. నా ఆట నా మీదికే తిరగబడేటట్టుందని ఆ రోజే నాకు అనుమానం తగిలింది.

పొద్దెక్కేదాకా పుండ్లు కడిగేవాడు. నారి కురుపులోంచి దారంలాగా బయటికి వచ్చే పురుగును అగ్గిపుల్లకు చుట్టి, రోజుకు ఇంత చొప్పున లాగేవాడు. “జల్ది జేస్తే తెగుతది, అన్నా” అనేవాడు. నన్ను ‘అన్నా’ అని పిలిచిన మొదటి బయటి మనిషి ఆయనే. ఆయనకు నా నోటి తెలుగే వచ్చింది. నల్గొండలో పెద్ద సభలో ఆ మాటలతోనే ప్రసంగం చేస్తే మెడకు ఉత్తరీయాలు వేసుకున్నవాళ్ళు ముసిముసిగా నవ్వారు. ఆయన ఆగి, “గిది నాకు అన్నం బెట్టిన ఇండ్ల తెలుగు. నవ్వుడైనంక చెప్పుండ్రి, మల్ల మొదలు వెడ్త” అన్నాడు. నవ్వు ఠక్కున ఆగింది.

ఇక గడీ సంగతి. మా వాడ నుంచి ఎక్కడికి పోవాలన్నా దొర ఉండే ఆ కోటలాంటి ఇంటి ముందు నుంచే బాట. గోడ మొదలైన చోట మేము చెప్పులు విప్పి చేతబట్టాలి, గోడ అయిపోయాక మళ్ళీ వేసుకోవాలి. ఊరందరికీ చెప్పులు కుట్టే మాకే ఆ వంద అడుగులూ చెప్పులు లేవు. పాదిరికి తెలుగు కుదిరాక మొదటిసారి ఇద్దరం కాలినడకన అటు పోయినప్పుడు అలవాటు కొద్దీ విప్పాను.

“ఎందుకు విప్పినవ్, అన్నా?”

“గుడి అయ్యా. లోపల దేవుడు కూసున్నడు. జర కోపమెక్కువ.”

ఒకరి గుడి ముందు మర్యాద తప్పకూడదని ఆయన టోపీ తీశాడు. కూర్చుని బూట్ల తాళ్ళు విప్పాడు, మేజోళ్ళు కూడా తీశాడు. చేతులు జోడించి నడిచాడు. అరుగు మీద దొర మీసం దువ్వుకున్నాడు. నెల రోజులు దినం తప్పకుండా ఇదే వేడుక. నేను సాయంత్రం వాడలో ఆయన తాళ్ళు విప్పే తీరు, దండం పెట్టే తీరు చేసి చూపించేవాణ్ణి. అందరూ పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. మా అవ్వ ఒక్కతే నవ్వలేదు.

“ఓరి, ఆయన ఎరుకలేక మొక్కిండు. నువ్వు ఎరుకుండి మొక్కుతున్నవ్. మీ ఇద్దర్ల ఎవర్ని జూసి నవ్వాలెరా?”

తెల్లవారి పాదిరి దగ్గర నిజం చెప్పేశాను. ఆయన ఒక ముసలాయన కాలి పురుగును చుడుతున్నాడు. మెడ దాకా ఎర్రబడ్డాడు కాని అగ్గిపుల్ల తిప్పడం ఆపలేదు. పని అయ్యాక చేతులు కడుక్కుని అన్నాడు: “నువ్వు ఇడిస్తే నేను ఇడుస్త. నువ్వు ఏసుకుంటే నేను ఏసుకుంట. దెబ్బలు పడేది నీకు. అందుకే మాట నీది.”

తిడితే బాగుండేది. ఆరు రోజులు ఇద్దరం వట్టి కాళ్ళతోనే నడిచాం. ఆయన ఒక్కసారి కూడా నా ముఖంలోకి చూసి అడగలేదు. ఏడో రోజు గోడ మొదలైంది, నేను ఆగలేదు.

“ఏందిరా, కండ్లు నెత్తికెక్కినయా? చెప్పులు ఇడువ్!” గడీ మనిషి కట్టె పట్టుకుని ఉరికి వచ్చాడు.

“కాళ్ళకే ఉన్నయి గద. నెత్తి మీద బెట్టుకున్ననా?”

మొదటి దెబ్బ నా వీపు మీద పడింది. రెండోది నడుమ దూరిన పాదిరి భుజం మీద పడింది. గడీ మనిషి భయపడి కట్టె దించాడు. మేము గోడ చివరిదాకా నడిచాం. ఆయన బూట్లు కిర్రుకిర్రుమంటుంటే నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

దొర ఊరుకుంటాడా? నల్గొండ మిషన్‌కు ఫిర్యాదు పోయింది. క్షమాపణ రాసివ్వమని పెద్ద పాదిరి హుకుం పంపాడు. మా పాదిరి రాశాడు, అక్షరాలు దిద్దింది నేను: “దొరవారికి. నేను తప్పు చేసిన. గుడి అనుకొని నెల దినాలు మీకు దండం పెట్టిన. ఇంక పెట్ట.”

వారం తిరగకముందే ఆయనను పాలమూరు దిక్కుకు మార్చారు. అబద్ధమాడిన నన్ను మాత్రం ఊరు వదిలేనాటి వరకు ఒక్క మాట అనలేదు. ఆయన అటు మారిపోయాక నేను ఒంటరిగా చెప్పులతో నడిచాను. ఇంకో రెండుసార్లు దెబ్బలు తిన్నాను, తర్వాత వాళ్ళకే విసుగొచ్చింది. వాడలో మిగతావాళ్ళు మాత్రం నిన్నమొన్నటిదాకా విప్పుతూనే ఉన్నారు.

ఆదివారం ఆయన పేరున ప్రార్థన పెట్టుకున్నాం. గుడిసె చర్చి గడీకి ఆవల ఉంది. చావు ప్రార్థనకు వట్టి కాళ్ళతో పోవడమే మా మర్యాద. పెద్దలందరూ చెప్పులు ఇంటి ముందే వదిలి బయలుదేరారు. నేను అడ్డం నిలబడ్డాను.

“గాయన కోసం ఇడిస్తే, గడీల కూసున్నోడు తనకే ఇడిసిన్రనుకుంటడు. గింత దుఃఖంల గూడ వానికే దండమా?”

పెద్దలు ఒకరి కాళ్ళ వంక ఒకరు చూసుకున్నారు. ఆఖరికి మా అవ్వ, పుట్టి బుద్ధెరిగి చెప్పు ఎరగని మనిషి, “నాకో జత జూడురా” అంది. అప్పుడు తెలిసింది అసలు కష్టం: మా వాడలో సగం మందికి చెప్పులే లేవు. ఉన్నవాళ్ళు లేనివాళ్ళకు ఒక్కొక్కటి ఇచ్చారు. అన్నకు కుడిది, తమ్మునికి ఎడమది. కుంటుకుంటూ, ఒకరి భుజం ఒకరు పట్టుకుని వాడంతా గడీ ముందు నుంచి నడిచాం. కట్టె పట్టుకున్న మనిషి నోరు తెరిచాడు, ముందు ఎవరిని తిట్టాలో తెలియక అట్లాగే నిలబడ్డాడు.

ఆ పూట గాలి లేదు. పొద్దు వంగేదాకా గోడ పొడవునా ఆ దుమ్ములో ఒక తోలు అడుగు, పక్కనే అయిదు వేళ్ళు, మళ్ళీ ఒక తోలు అడుగు.