ఒక్క ఓటు తెచ్చిన తలవంపు

సదాశివరావు గారు పరమపదించారన్న వార్త ఆదివారం ఉదయం ఫోన్‌లో విన్నాను. అమెరికాలోని ఒహాయోలో ఒక దినపత్రికకు రెండు దశాబ్దాలకు పైగా బేస్‌బాల్ వార్తలు రాసిన తెలుగువాడు. నాకు అక్షరభిక్ష పెట్టిన గురువు. ఆయన యశస్సును చాలామంది కీర్తించారు. ఆయన మోసిన సిగ్గును గురించి రాయవలసిన వాణ్ణి నేనే. "నేను పోయాక పొగడ్తలతో సరిపెట్టకోయ్, ఎర్ల్ సంగతి కూడా రాయి" అన్నారు ఒకసారి.

నా తొలి వార్తలో, క్యాచ్ వదిలేసిన ఆటగాణ్ణి పనికిమాలినవాడని రాశాను. "ఈ మాట రేపు అతని కూతురు చదువుతుంది. తీసెయ్" అన్నారు. అంతటి సున్నిత హృదయుడు.

రిటైరై ఐదేళ్లు నిండిన ఆటగాళ్లను బేస్‌బాల్ కీర్తిమందిరమైన హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకునేది అనుభవజ్ఞులైన విలేకరులు. ఒక్కొక్కరు పది పేర్ల దాకా రాయవచ్చు. నూటికి డెబ్బై ఐదు మంది ఔనంటేనే ప్రవేశం. పదిహేనేళ్లలో అది జరగకపోతే విలేకరుల బ్యాలెట్‌లో ఇక ఆ పేరు ఉండదు. మాస్టారు మూడు నాలుగు పేర్లకు మించి రాసేవారు కాదు. "కీర్తిమందిరం ధర్మసత్రం కాదోయ్, వచ్చినవాడికల్లా చాప వేయడానికి" అనేవారు. మహా స్ట్రిక్ట్ అని తోటివాళ్లంటే మురిసిపోయేవారు.

డెబ్బైల చివర్లో ఒక ఏడు, బంతి విసిరే పిచర్ ఎర్ల్‌కు అది పదిహేనో, ఆఖరి అవకాశం. ఈసారి తప్పక గెలుస్తాడన్నారు అందరూ. ఒక్క ఓటుతో ఓడిపోయాడు.

ఫలితం చూసి మాస్టారు కుర్చీలో కూలబడ్డారు. "నేను అతని పేరు రాయలేదోయ్."

"అదేంటండీ! మీకు ఇష్టమైన పిచర్ కదా?"

"ఎలాగూ గెలుస్తాడనుకున్నాను. స్ట్రిక్ట్ అన్న పేరు నాకు మిగులుతుందనుకున్నాను."

ఆ ఓటు రహస్యం. ఆయన చెప్పకపోతే ఎవరికీ తెలియదు. "కార్ తియ్యి, వాళ్లింటికి వెళ్దాం" అన్నారు.

ఎర్ల్ ఇంట్లో చుట్టుపక్కలవాళ్ల కోసం వేసిన కుర్చీలు అలాగే ఉన్నాయి. కేకు కోయలేదు. మాస్టారు నిలబడే అంతా చెప్పేశారు.

"నేను తగనని అనుకున్నావా?" ఎర్ల్ అడిగాడు.

"లేదు. తగినవాడివనే అనుకున్నాను."

"అయితే అది ఇంకా అన్యాయం."

అతని భార్య ముఖం తిప్పుకుని లోపలికి వెళ్లిపోయింది. ఎర్ల్ మాకు తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆ మర్యాద మమ్మల్ని చెంపదెబ్బకన్నా ఎక్కువ బాధించింది. తిరుగుదారిలో మాస్టారు చేతుల్లో ముఖం దాచుకున్నారు. మర్నాడు తన కాలమ్‌లో జరిగినదంతా రాశారు. తరువాత ఏటా, ఎర్ల్‌ను ఎన్నుకోమని, విలేకరుల ఓటులో తప్పిపోయినవాళ్లను మళ్లీ పరిశీలించే పెద్దల కమిటీని అభ్యర్థించారు. వాళ్లు కనికరించలేదు. ఎర్ల్ కూడా మళ్లీ పలకరించలేదు.

మొన్న అంత్యక్రియలకు ఎర్ల్ వచ్చాడు. రెండు మాటలు మాట్లాడతారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. "క్షమించాననుకోకు. క్షమించలేదు. నాకు ఓటు వెయ్యనివాళ్లు బోలెడుమంది. నా గుమ్మం ఎక్కి ఆ మాట చెప్పింది మాత్రం ఇతనొక్కడే" అన్నాడు. అని, పార్థివదేహం ముందు టోపీ తీసి చాలాసేపు నిలబడ్డాడు.

రేపు మా ఆఫీసులో ఆయన కుర్చీలో ఇంకెవరో కూర్చుంటారు. తన తప్పును మోసుకుని ఎదుటివాడి ఇంటికి నడిచి వెళ్లగలవాడు మాలో ఎవరున్నారు? గురుదేవా, నేనైతే కానని తెలిసి, సిగ్గుతో వంగిన తలతోనే మీకు నమస్కరిస్తున్నాను.