సొరచేప వస్తే దారం తెంచాలి

1982 వసంతంలో నన్ను ఫ్లోరిడా దక్షిణపు కొసనున్న దీవుల్లోని ఫీల్డ్ స్టేషన్‌కి వేశారు. హోదా బయాలజిస్టు, గ్రేడ్ వన్. పైన రిపోర్టులు అడిగేవాళ్ళు నలుగురు, కింద చేసిపెట్టేవాళ్ళు సున్నా అని దానికి అర్థం. పని టార్పన్ చేపల వయసు తేల్చడం. టార్పన్ మనిషంత పొడుగు పెరిగే వెండి పొలుసుల చేప. ఏప్రిల్ నుంచి జూన్ దాకా గుంపులు గుంపులుగా నడుము లోతు నీళ్ళున్న ఇసుక మేటల మీదికి వస్తుంది. దాని తలలో చెవి దగ్గర గోరంత రాయి ఉంటుంది. దాన్ని పలచగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే చెట్టు మానులో ఉన్నట్టే వలయాలు కనిపిస్తాయి, ఏడాదికొకటి.

రాయి కావాలంటే చేపను చంపాలి. అందుకు పర్మిట్ ఉంది. చిన్నవీ మధ్యరకానివీ దొరికాయి. నూట యాభై పౌన్లు దాటిన చేప మాత్రం ఒక్కటీ లేదు. జూన్ ఆఖరుకి అది రాకపోతే నా కాంట్రాక్టు రెన్యూ కాదు, కాంట్రాక్టు పోతే వీసా పోతుంది. నాకు రాత్రుళ్ళు నిద్ర పట్టేది కాదు.

పెద్ద చేపల జాడ తెలిసినవాడు కెప్టెన్ లాయిడ్ అని రేవులో అందరూ చెప్పారు. అరవై దాటిన గైడు. ఆయన పడవని వారానికి కుదుర్చుకున్నాయన డాక్టర్ చలపతిగారు, అట్లాంటా దగ్గర సర్జను, మన గుంటూరాయనే. నా గోడు విని, "మధ్యలో కూర్చోవయ్యా మూర్తీ, పెద్దది పడితే నీదే" అన్నారు.

లాయిడ్ పనితనం చూసి తీరాలి. మేట ఇంకా దూరంగా ఉండగానే ఇంజను ఆపేసేవాడు. వెనక చిన్న అరుగులాంటి దాని మీద నిలబడి, పొడవాటి గెడ వేసి చప్పుడు లేకుండా నెట్టుకొచ్చేవాడు. పడవ ముక్కు పన్నెండు గంటలు. "పదకొండు, అరవై అడుగులు" అన్నాడంటే ముక్కుకి కొంచెం ఎడమగా, అరవై అడుగుల దూరంలో చేప ఉన్నట్టు. ముందు నిలబడ్డవాడు అటు గాలం విసరాలి. సిగ్గు విడిచి చెబుతున్నాను, చేపల మీద డాక్టరేటు ఉన్న నాకు ఆయన చూపించిన చోట గడ్డి తప్ప ఏమీ కనిపించేది కాదు. ఆయన మాత్రం నాలుగున్నాయి, ముందున్నది ఆడది, దానికి ఆకలి లేదు, వదిలేయండి అనేవాడు. ఔరా అనుకునేవాణ్ణి.

మొదటిరోజే ఒక నియమం చెప్పాడు. గాలానికి పడ్డ చేప పట్టుకున్నవాడిదే. కానీ సొరచేప వస్తే ఆ క్షణం నుంచి అది తనది, తెంచమంటే దారం తెంచాలి. దారానికి కట్టేసిన చేప సొర నుంచి తప్పించుకోలేదు కదా, అన్నాడు. ఇద్దరం తలూపాం.

టార్పన్ నీళ్ళలోంచి ఎగిరినప్పుడు గాలం పట్టుకున్నవాడు నడుము వంచి, చేతులు ముందుకు చాచి దారం వదులు చేయాలి. లేకపోతే దారం తెగుతుంది. ఆరోజు పడ్డ చేప ఎగరగానే లాయిడ్ వంగమని అరిచాడు. డాక్టరుగారు వంగకుండా దారం బిగించి పట్టారు. చేప పోయింది.

"వంగండి డాక్టరుగారూ, గుళ్ళో దణ్ణం పెట్టినట్టు!" అన్నాను.

"చేపకి దణ్ణమేమిటయ్యా, నాకు పేషెంట్లు పెడతారు గానీ!" అని నవ్వారు.

మర్నాడు పొద్దున పడింది అసలుది. లాయిడ్ మొదటిసారి గొంతు తగ్గించి మాట్లాడాడు. చాలా పెద్దది, నూట డెబ్బై ఉంటుందన్నాడు. అది ఆరుసార్లు ఎగిరింది. ఆరుసార్లూ డాక్టరుగారు బుద్ధిగా వంగారు. గంటన్నర పోరాడాక చేప అలిసి పక్కకి వాలింది. ఇరవై అడుగుల దూరం. పొడవాటి కొక్కెం చేత్తో పట్టుకుని సిద్ధంగా ఉన్నాను.

అప్పుడు లాయిడ్ అరిచాడు, తెంచమని. సుత్తితల సొర. దాని వెన్నురెక్క నాక్కూడా కనిపించింది.

డాక్టరుగారు నా వైపు చూశారు. "ఏం చేయమంటావయ్యా?"

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం. "ఒక్క నిమిషం పట్టండి, అందేస్తోంది!" అన్నాను. లాయిడ్ రెండోసారి అరిచేలోపే నీళ్ళు ఎర్రబడ్డాయి. దారం తేలికైపోయింది. డాక్టరుగారు చుట్టి లాగితే తల ఒక్కటే వచ్చింది.

లాయిడ్ నన్ను తిట్టలేదు. గెడ పడవలో పెట్టి, తన కత్తి పిడి వైపు నుంచి నాకందించాడు. నీకు కావలసింది వచ్చింది, తీసుకో అన్నాడు. తల కోసి రాయి తీసుకున్నాను.  రేవులో దిగేటప్పుడు డాక్టరుగారు అన్నారు: "పడవ ఆయనది. నేను నీ మాటెందుకు విన్నానయ్యా మూర్తీ?"

ల్యాబ్‌లో మూడుసార్లు లెక్కపెట్టాను. నలభై మూడు వలయాలు. అప్పటికి నా వయసు ముప్పై ఆరు. అన్ని సైజుల చేపల సిరీస్ పూర్తయింది, కాంట్రాక్టు రెన్యూ అయింది, పై అధికారి అభినందిస్తూ మెమో పంపాడు. దాన్ని మడిచి సొరుగులో పడేశాను.

క్షమాపణ చెప్పుకుందామని రేవుకి వెళ్ళాను. లాయిడ్ పడవ కడుగుతున్నాడు. వయసు చెప్పగానే నీళ్ళ గొట్టం కట్టేశాడు. తాను గైడు పనికి వచ్చి ఇరవై ఆరేళ్ళట. అయితే తనకంటే ముందు నుంచీ ఈ నీళ్ళలో ఉన్నదన్నమాట అన్నాడు. తప్పు నాదేనన్నాను. ఔనన్నాడు. తర్వాత దారం కత్తిరించే పటకారుకి తాడు కట్టి నా మెడలో వేశాడు. గురువారం రమ్మన్నాడు, ఇకమీదట తన పడవలో తెంచే పని నాదేనన్నాడు.

నాలుగు వసంతాలు ఆయనతో తిరిగాను. మూడుసార్లు సొర వచ్చింది. మూడోసారి పడ్డ చేప ఆ నలభై మూడేళ్ళదానికంటే పెద్దది. అంత పెద్ద దాని రాయి కావాలని ల్యాబ్ ఏడాదిగా అడుగుతోంది. లాయిడ్ నోరు తెరవకముందే తెంచేశాను. ఆ ఏడు నా రిపోర్టులో ఆ సైజు గడి ఖాళీగా వెళ్ళింది.

నమూనా దొరకకపోతే గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టవచ్చు. పడవలో మాట గెడ పట్టుకున్నవాడిది. ఈ రెండు ముక్కలూ నేర్చుకోవడానికి నాకు నలభై మూడేళ్ళ చేప ఖర్చయింది.