సుత్తి మా ఇంట్లో, డ్రిల్లు వరికుంటపాట్లో

మా ఉదయగిరిలో చిన్న రిపేరు ఏదొచ్చినా తిరుపాలే దిక్కు. కొళాయి కారినా, తలుపు బిగుసుకున్నా, ఫ్యాను కిర్రుమన్నా అతనే రావాల. యాభై దాటినాయి. ఆత్మకూరులో సైకిలు షాపులో మొదలుపెట్టి, కనబడిందల్లా విప్పి చూసి అన్ని పనులూ నేర్చినాడు. కాదు అనే మాట నోట్లో లేదు, అదే అతని జబ్బు. ఒకచోట పని సగంలో ఉండంగానే ఇంకెవరో ఫోన్ చేస్తారు. ఇప్పుడే వస్తానని చెప్పి, పనిముట్టు ఒకటి మనింట్లో పెట్టి పోతాడు. అది హామీ అంట. అట్లా స్క్రూడ్రైవరు ఒకరింట్లో, రంపం ఇంకొకరింట్లో. మా ఇంట్లో సుత్తి. నాలుగు రోజులుగా దాన్ని చూస్తే నాకు ఒళ్ళు మండుతా ఉండాది.

మండదా మరి? మా అత్త లిదియమ్మ తుంటి ఎముక విరిగి నెల్లూరు ఆసుపత్రిలో ఉండాది. శనివారం సాయంత్రం ఇంటికి తెస్తారు. డెబ్బై ఎనిమిదేళ్ళొచ్చినా ఒకరి మీద ఆధారపడి ఎరగదు. మా ఆయన హెన్రీతో ఖరాఖండిగా చెప్పేసింది.

"బాత్రూముకి ఇంకొకరు పట్టుకోని తీసకపోవాలంటే నేను ఆ ఇంటికి రాను. ఏదన్నా ఆశ్రమంలో చేర్చురా."

ఆమె ఒక మాటంటే అంతే. అందుకే బాత్రూములో సీటు పక్కన గోడకి, పట్టుకోని లేచేదానికి స్టీలు రాడ్డు బిగించమని తిరుపాలుని పిలిచినాను. రాడ్డు వచ్చింది, సుత్తి వచ్చింది, మనిషి పోయినాడు.

శనివారం పొద్దున్నే టీ అంగడి కాడ దొరికినాడు. బళ్ళో నా పిల్లోళ్ళని నిలబెట్టినట్టు నిలబెట్టి కడిగేసినాను. తలొంచుకోని అంతా విని, డ్రిల్లు మిషను వరికుంటపాట్లో కామయ్య ఇంట్లో ఉండాదని మెల్లిగా చెప్పినాడు. కామయ్య తలుపు పని సగంలో ఉండాదంట, అది తేలేదాకా ఆయన డ్రిల్లు ఇవ్వడంట. పద అన్నాను. అతని మోపెడ్ వెనకాల, సుత్తి ఒళ్ళో పెట్టుకోని కూచున్నాను. కామయ్య మొదట కుదరదన్నాడు. అత్త సంగతి చెప్పి, డ్రిల్లుకి బదులు మా సుత్తి ఉంచుకోమన్నాను. సుత్తిని అటూ ఇటూ తిప్పి చూసి ఒప్పుకున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారి పొడుగునా తిరుపాలు ఒకటే నవ్వు. నాకూ వచ్చింది గానీ ఆపుకున్నాను.

ఇంటికొచ్చినాక ఇంకో గొడవ. రాడ్డు ఎంత ఎత్తులో ఉండాలో ఆసుపత్రిలో అచ్చేసిన కాగితం ఇచ్చినారు. తిరుపాలు దాన్ని చూడడే. గోడనే చూస్తా నిలబడినాడు. అక్కడొక నల్లటి మరక. అత్త సీటు మీంచి లేచేటప్పుడు చెయ్యి ఆనించి ఆనించి అరచెయ్యంత మరక పడింది. దాని మీద నాకూ అత్తకీ జరిగిన గొడవలు అన్నీ ఇన్నీ కావు. ఆమె వచ్చేలోపల పూసేద్దామని రంగు డబ్బా కూడా తెచ్చిపెట్టినా.

ఏంది చూస్తా ఉండావు, కొలత పెట్టమంటే అతను ఆ మరక మీద చెయ్యి పెట్టినాడు.

"కొలత ఇక్కడే ఉండాది గదా టీచరమ్మా. ఆ కాగితం అందరికీ ఒకటే. ఇది మీ అత్తది."

కాగితంలో చెప్పినదానికి నాలుగు వేళ్ళు కిందకుండాది. రంగు డబ్బాని కాలితో వెనక్కి నెట్టినాను. అతను రాడ్డు బిగించి, దాన్ని పట్టుకోని తన బరువంతా వేసి లాగి చూసినాడు. ఆ మధ్యలో ఫోను మూడుసార్లు మోగినా ఎత్తలేదు.

సాయంత్రం కారు దిగి, వాకరు పట్టుకోని అత్త నేరుగా బాత్రూముకే పోయింది. ఎవరూ రావద్దనింది. లోపల గొళ్ళెం పడింది. నేను, హెన్రీ, ఇంకా ఇంటికి పోని తిరుపాలు, ముగ్గురం బయట ఊపిరి బిగబట్టి నిలబడినాం. చాలాసేపటికి నీళ్ళ చప్పుడు, ఆ వెనకే ఆమె గొంతు వినబడినాయి.

"ప్రమీలా, చెయ్యి పెట్టంగానే రాడ్డు దొరికిందే. మరక మాత్రం తుడవలేదేందే?"

"అది నీదే అత్తా, ఉండనీ."

లోపల్నించే పెద్దగా నవ్వింది. నాకు కళ్ళల్లో నీళ్ళు, నోటి నిండా నవ్వు. రంగు డబ్బా తన ఇంటి గోడకి పనికొస్తుందని తిరుపాలు పట్టుకపోయినాడు.