బొంత మూలన ఆకుపచ్చ చెయ్యి

నా చిన్నప్పుడు మా అమ్మ కుట్టడం మొదలుపెట్టి, ముగించకుండానే పోయిన బొంత ఒకటి ఇప్పటికీ నా మంచం మీద ఉంది. దాని మూలలో ఏం దాగి ఉందో తెలిసినవాళ్ళలో నేనొక్కదాన్నే మిగిలాను. నా తర్వాత ఎవరైనా దాన్ని పాత గుడ్డ అనుకొని మోటారుబండి తుడవడానికి చింపుకోవచ్చు. అందుకే రాసిపెడుతున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. నేను చదివింది ఎనిమిదో తరగతి, అదీ తమిళంలో. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక తిరుత్తణి గ్రంథాలయంలో పిల్లల పుస్తకాలు ముందు పెట్టుకొని నాకు నేనే నేర్చుకున్నాను. ఈ మధ్య అక్కడ చేతికుట్టు పనుల పుస్తకం ఒకటి దొరికింది. బొంత కుట్టినవాళ్ళు ఒక గుడ్డముక్క మీద తమ పేరూ ఊరూ రాసి దాని వెనక కుట్టాలట. దాన్ని లేబుల్ అంటారట. అది లేకపోతే కొన్నాళ్ళకు ఎవరు కుట్టారో తెలియకుండా పోతుందట. చదువుతుంటే మా ఊరు అత్తిమంజేరిపేటలో మా పక్కింటి అక్క గుర్తొచ్చింది. ఆమె లేబుల్ కుట్టింది కుట్టినవాళ్ళ పేరు చెప్పడానికి కాదు, దాచడానికి.

అమ్మ పోయేనాటికి నాకు ఎనిమిదేళ్ళు. నాన్న కవరైపేట్టైలో రైసుమిల్లులో పనిచేస్తూ నెలకోసారి వచ్చేవాడు. ఇంట్లో ఉండేది నేనూ, నాన్నను కన్న మా అవ్వా. అవ్వ చెడ్డది కాదు, మాట తక్కువ మనిషి. పగలంతా చేనులోనే ఉండేది. బడి నుంచి వచ్చి గడప మీద కూర్చుంటే ‘తిన్నావా’ అని అడిగేవాళ్ళు ఉండేవాళ్ళు కారు.

మా వైపు పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచుకోరు. కర్మాంతరాల నాడు అమ్మ చీరలన్నీ మూటగట్టి బట్టలుతికే ఆయనకు ఇచ్చేశారు. నేను చూస్తూ నిలబడ్డాను. ఒకటి నాకు ఉంచండని అడగవచ్చని కూడా నాకు తెలియదు.

బొంత సంగతి మాత్రం అందరూ మరిచిపోయారు. అమ్మ తన పాత చీరలను పొరలుగా పరిచి దూసుకుట్టు వేస్తూ వచ్చింది. నడుమంతా అయిపోయి అంచు మిగిలింది. వడ్లగంప వెనక చుట్టిపెట్టి ఉంటే నాకు దొరికింది. ఒక మూలలో అమ్మ కుట్టు వంకర పోయి ఉంది. ఆ వంకర మీద వేలు పెట్టుకుంటేనే నాకు నిద్ర పట్టేది.

ఒకనాడు అవ్వ చూడనే చూసింది.

“ఇది యాడిదే? మీయమ్మ చీరలు గదా ఇవి! పోయినామె గుడ్డ కప్పుకొని పండుకుంటావా? ఆదివారం బట్టలుతికే ఆయప్ప వస్తాడు, ఇచ్చేస్తా.”

అవ్వ చేనికి పోగానే బొంతను చంకన పెట్టుకొని పక్కింటికి పరుగెత్తాను. పక్కింటి అక్క ఒంటరి మనిషి. ఊళ్ళోవాళ్ళకు బొంతలు కుట్టి ఇస్తుండేది. నేను చెప్పిందంతా విని, బొంతను ఒళ్ళో పరుచుకొని చేత్తో తడిమింది.

“మీయవ్వ మాట తప్పని నేనెట్ల చెప్పేది పాపా? పోయినామెదైతే ఇంట్లో ఉండగూడదు, అంతే” అంది. తర్వాత అంచు దగ్గర ఆగింది. “ఇది ఇంకా ముగీలేదు గదా. ముగించినోళ్ళది అవతాది. నీ పాత గౌను ఒకటి ఎత్తుకొని రా పో.”

పొట్టయిపోయిన ఆకుపచ్చ గౌను తెచ్చాను. అక్క దాన్నుంచి ఒక ముక్క కత్తిరించి, దాని మీద నా చెయ్యి పెట్టించి సుద్దతో చుట్టూ గీసింది. వేళ్ళ సందుల్లో చక్కిలిగింతలు పుట్టి, అమ్మ పోయాక మొదటిసారి నవ్వాను.

“కదలొద్దే కోతీ, ఆరో వేలు వచ్చేస్తాది నీకు!”

ఆ గీత మీద గొలుసుకుట్టు వేసింది. కింద నా పేరు నేను తమిళ అక్షరాల్లో పెన్సిలుతో రాస్తే దాని మీదా కుట్టింది.

“అమ్మ పేరు?” అని అడిగాను.

“పైన ఏస్తే మీయవ్వ పంపించేస్తాది.” సూది గుడ్డకు గుచ్చి కత్తెర తీసుకుంది. “లోపల ఏస్తాం. నువ్వు రాయి.”

ఇంకో ముక్క మీద అమ్మ పేరు రాశాను. అక్క దాన్నీ కుట్టి, పేరున్న వైపు బొంతకు ఆనేట్టు ఆ వంకర కుట్టు మీదే బోర్లించింది. దాని మీద నా చెయ్యి ఉన్న ముక్కను కప్పింది. రెంటినీ ఒక పక్క బొంత అంచు చుట్టూ వేసే పట్టీ కిందికి దూర్చి, పొరలన్నీ పట్టేలా కలిపి కుట్టింది. మిగిలిన పక్కలు మడిచి దగ్గర దగ్గరగా కుట్లు వేసింది.

“ఉత్తగా పైన అతికిస్తే ఎవురైనా పీకేస్తారు. అంచులోకి పోయిందంటే బొంత చించితేగాని రాదు” అంటూ చివరి జానెడు అంచు నా చేత కుట్టించింది.

ఆదివారం బట్టలుతికే ఆయన వాకిట్లో మూట కడుతుండగా అక్క బొంత తీసుకొని వచ్చింది.

“అత్తా, ఇది ఎవురిదో చూడు.”

“ఎవురిదేంది? మా కోడలిది.”

“కోడలిదైతే ఈ చెయ్యి ఎవురిది?” నా చెయ్యి పట్టుకొని కుట్టిన చేతి మీద పెట్టింది. వేలికి వేలు సరిపోయింది. “ముగించింది నీ మనవరాలు. పోయినోళ్ళ బట్టల్లో బతికుండే బిడ్డ బొంత కలిపి ఇస్తావా? అది మంచిదేనా అత్తా?”

అవ్వ ముఖంలో భయం కనిపించింది. ఆ ఆకుపచ్చ ముక్కను చాలాసేపు చూసింది. తర్వాత బొంతను ఆయన చేతిలో పెట్టి, “ఇది పిల్లదంట అప్పా. ఉతికి మళ్ళా తెచ్చియ్యి” అంది.

ఏళ్ళ తర్వాత అవ్వ మంచాన పడ్డప్పుడు చలేస్తోందంటే అదే బొంత కప్పాను. ఆమె వేళ్ళు తడుముతూ ఆ మూల దగ్గర ఆగాయి. “ఈడ ఏందో దళసరిగా ఉండాదే” అంది. నేను ఆమె కాళ్ళ మీద బొంత సర్దాను. “ఉండనీలే” అని గొంతు దాకా లాక్కుంది.

ఇప్పుడు ఇంట్లో నేనొక్కదాన్నే. పొద్దుపోక బొంతలు కుడతాను. లేబుల్ కోసం పట్టుచీర అంచు ముక్కను నాలుకలా మడిచి కుట్టులో దూరుస్తాను. పిల్లలు కాగితం మీద గీసిన బొమ్మను కిటికీ వెలుగులో గుడ్డ మీదికి దించి కుడతాను. పేరు సిరాతో రాసేటట్టయితే ముందు ఒక చిన్న ముక్క మీద రాసి ఉతికి చూసుకోమని పుస్తకంలో చదివి, అదీ పాటిస్తున్నాను. ఒక్కటి మాత్రం పుస్తకం ప్రకారం చెయ్యను. కప్పుకోబోయేవాళ్ళ పేరే ముందు వేస్తాను. నా పేరు లోపలివైపు. అది ఆ రోజు నుంచి నాతో వచ్చిన అలవాటు.

ఆ కుట్టిన చేతి మీద చెయ్యి పెడితే ఇప్పుడు నా వేళ్ళన్నీ బయటికి వస్తాయి. అయినా పడుకునే ముందు పెడతాను.

అడిగినప్పుడల్లా గడువు పెంచి పుస్తకం ఇచ్చిన గ్రంథాలయం సెల్వికీ, ఈ రాతలో తప్పులు దిద్దిన మా వీధి టీచరు హేమలతకూ, పక్కింటి అక్క కనకమ్మకూ, తెలిసీ ఉండనిచ్చిన మా అవ్వ చెంగమ్మకూ నా నమస్కారాలు. లోపల ఉన్న పేరు రాజేశ్వరి. దాని కోసం ఆ మూల విప్పకండి. ఒక్కసారి పైకి చదవండి, చాలు. ఆ పేరు వేరొకరి నోట విని చాలా ఏళ్ళయింది.