ఆ అమెరికన్ నటికి నా గొంతు

శంషాబాద్ నుంచి స్టూడియోకి బస్సులో వెళ్లే రోజుల్లో నాకు దొరికినవన్నీ చిన్న పాత్రలే. పరాయి భాషల సినిమాలకూ సీరియళ్లకూ తెలుగులో గొంతు ఇవ్వడం నా పని. అలా ఒక అమెరికన్ సినిమాలో ఆ నటిని మొదటిసారి చూశాను. ఆసుపత్రి కౌంటర్ వెనక కూర్చున్న నర్సు. "లోపలికి వెళ్లకూడదు" అనడమే ఆమె పాత్ర. ఆ మాట అంటూనే, ఏడుస్తున్న హీరో వైపు తన చేతిరుమాలు జరిపింది. కథకు అది అవసరం లేదు. అయినా నాకు ఆ సినిమాలో గుర్తున్నది అదొక్కటే.

ఆ తర్వాత ఆమె ఎందులో కనిపించినా నన్నే పిలిచేవారు. జడ్జిగా వచ్చింది, పక్కింటావిడగా వచ్చింది, బడిలో వంటమనిషిగా, దొంగతనం చేసిన కొడుకును ఇంట్లో దాచిన తల్లిగా వచ్చింది. పోస్టర్ మీద ఆమె ముఖం ఎప్పుడూ లేదు. సినిమా సినిమాకీ ఆమె జుట్టు నెరవడం, నడుము వంగడం చూస్తూ ఉండేదాన్ని. నేనూ ఆమెతోపాటే పెద్దదాన్నయ్యాను.

నాది శంషాబాద్ పక్కన పాల్మాకుల. కొత్తలో స్టూడియోలో అందరూ "యాస రాకూడదమ్మా" అనేవారు. ఇంట్లో ఒక మాట, మైకు ముందు ఇంకో మాట అలవాటైపోయింది. అందుకే ఒక టీవీ సిరీస్‌లో ఆమె ముసలి రైతుగా వచ్చినప్పుడు కూడా ఎప్పటిలాగే మొదలుపెట్టాను. మా డబ్బింగ్ డైరెక్టర్ గారిది కాకినాడ వైపు. ఆయన రికార్డింగ్ ఆపారు.

"ఆవిడ యాస మార్చింది, గమనించారా? అది వాళ్ల పల్లె మాట. మీరు ఇంట్లో ఎలా మాట్లాడతారో అలా చెప్పండి."

"నవ్వుతారేమో సార్."

"నవ్వితే నేను చూసుకుంటాను. చెప్పండి."

తెరమీద ఆమె, పొలం కొంటామని వచ్చిన కుర్రాడిని గుమ్మం దగ్గరే ఆపింది. నేను నోరు తెరిచాను. "ఏంది బిడ్డా, గిట్లొచ్చి అడిగితే ఇచ్చేస్తమా? జర కూసో. నీళ్లు తాగి పో."

ఆ గదిలో నా సొంత మాట పలకడం అదే మొదలు. డైరెక్టర్ గారు మళ్లీ చెప్పమనలేదు.

సిరీస్ వచ్చాక మా అత్త ఫోన్‌లో చూస్తూ కూర్చుంది. గొంతు నాదని పోల్చుకోలేదు.

"ఈ ముసలామె మంచిగ మాట్లాడుతున్నది. మన తుక్కుగూడ దిక్కు ఆమె లెక్కుంది" అంది.

"అత్తమ్మా, అది నేనే."

ఫోన్ పక్కన పెట్టింది. "నువ్వా? మరి ఇన్నేండ్లు మనోళ్ల లెక్క ఎందుకు మాట్లాడలే?"



మొన్న మళ్లీ పిలుపొచ్చింది. ఈసారి సినిమాలో ఆమె మంచం పట్టిన తల్లి. ఒక్క డైలాగు కూడా లేదు. ఆమెకు నిజంగానే ఒంట్లో బాగుండడం లేదని డైరెక్టర్ గారు ఎక్కడో చదివారట. "ఊపిరి ఒక్కటి ఇవ్వండి, చాలు" అన్నారు.

తెరమీద కూతురు తన నుదురు నిమురుతుంటే ఆమె కళ్లు తెరిచింది. చెయ్యి ఎత్తబోయి, ఎత్తలేక, కూతురి వేలు మాత్రం పట్టుకుంది. నేను ఊపిరి తొందరగా తీసి వదిలేశాను. హెడ్‌ఫోన్స్‌లో ఆమె ఊపిరి నాకంటే చాలా నెమ్మదిగా ఉంది.

డైరెక్టర్ గారు బాగుందన్నారు.

"లేదు సార్, మళ్లీ చేద్దాం" అన్నాను.