పడ్డ పిల్లకు లేని నక్షత్రం

రెండో తరగతి టీచరమ్మ ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో బెత్తం పట్టిన పాపాన పోలేదు. పక్క గది లెక్కల మేష్టారు "మీ క్లాసు సంతలా ఉంటుందండీ" అని దెప్పితే నవ్వి ఊరుకునేది. కానీ ఆ మాట లోపలెక్కడో గుచ్చుకుంటూనే ఉండేది. అందుకే ఈ ఏడు గోడకు ఒక చార్టు అంటించింది. తోటివాళ్లకు సాయం చేస్తే పేరు ఎదురుగా ఒక నక్షత్రం, క్లాసు మొత్తం చప్పట్లు. పది నక్షత్రాలు వస్తే సాయంత్రం ఇంటిగంట కొట్టే అవకాశం.

నెల తిరిగేసరికి గది మారిపోయింది. జారిన పెన్సిలు నేలను తాకకముందే నాలుగు చేతులు అందుకునేవి. మేష్టారు కిటికీలోంచి తొంగిచూసి, "ఏం మంత్రం వేశారండీ" అన్నాడు. ఆ మాట ఆమె ఇంట్లో మూడుసార్లు చెప్పింది. మూడోసారికి భర్త, "సరేలే, ఆయన్ని ఒకపూట భోజనానికి పిలుద్దాం" అన్నాడు.

సోమవారం పొద్దున్న ఒక దర్జీ క్లాసు గుమ్మం దగ్గరికి వచ్చాడు. మెడలో టేపు అలాగే ఉంది. అతని చొక్కా పట్టుకుని వెనకాల కూతురు. గాలికి ఎగిరిపోయేలా ఉంటుందని ఇంట్లో దూదిపింజ అంటారు.

"ఇది బడికి రానంటోంది మేడం. కడుపునొప్పి అయింది, తలనొప్పి అయింది. ఇవాళ అసలు సంగతి చెప్పింది. రోజూ తోసేస్తున్నారట."

"అబ్బే, పడితే లేపుతున్నారండీ. ఎన్నిసార్లు లేపారో చార్టులోనే ఉంది" అంటూనే ఆమె ఆగిపోయింది. రెండు జడల అమ్మాయికి నాలుగు నక్షత్రాలు, దాని ప్రాణస్నేహితురాలికి నాలుగు. ఎనిమిదీ ఈ ఒక్క పిల్లను లేపినందుకే.

టీచరమ్మ కింద కూర్చుంది. "ఏం జరిగింది తల్లీ?"

"ఒకళ్లు తోస్తారు, ఒకళ్లు లేపుతారు. మర్నాడు మార్చుకుంటారు."

"నాతో చెప్పలేదేమ్మా?"

"మీరు చప్పట్లు కొట్టారుగా."

టీచరమ్మ లేచి ఆ ఇద్దర్నీ పిలిచింది.

"మెల్లగానే తోశాం టీచర్" అంది రెండు జడల అమ్మాయి. "దుమ్ము కూడా దులిపాం."

"ఇంకా ఆరేసి కావాలి మాకు" అని రెండోది గుర్తుచేసింది.

టీచరమ్మ చార్టును గోడ నుంచి ఊడదీసింది. గది గొల్లుమంది. ఆమె దర్జీ కూతురి వైపు తిరిగి, అందరూ వినేలా చెప్పింది: "నిన్ను లేపినవాళ్లనే చూశాను. నీ మోకాలు ఒక్కసారీ చూడలేదు. తప్పు నాదమ్మా."

ఇద్దరు అమ్మాయిలూ ఒకళ్లనొకళ్లు చూసుకున్నారు. "సారీ" అంటూ చెయ్యి పట్టుకోబోయారు.

"నన్ను ముట్టుకోవద్దు" అంది దూదిపింజ.

ఏం చెయ్యాలన్నట్టు ఇద్దరూ టీచరమ్మ వైపు చూశారు. కలిసిపొమ్మని చెప్పడం ఆమెకు అలవాటే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మింగేసింది.

"వద్దంటోందిగా. వెనక్కి జరగండి."

వాళ్లు జరిగారు. దూదిపింజ ఆ ఖాళీని కాసేపు చూసింది. తండ్రి చొక్కా వదిలి, కిటికీ పక్క బెంచీ చివర కూర్చుంది.

"వెళ్లనా మరి?" అన్నాడు దర్జీ.

"వెళ్లు. సాయంత్రం మాత్రం ఆలస్యం చెయ్యకు నాన్నా."