అదే పిలుస్తుంది అవ్వా

మైలాపూరులో మా మేడగదికి బాడుగకొచ్చిన పిల్ల దేన్నీ పదేపదే లేచి చూసేది కాదు. "అదే పిలుస్తుంది అవ్వా" అనేది. నేనేమో ఉడికే పప్పు మూత ఊరికే ఎత్తి చూసేదాన్ని.

ఆ పిల్ల రాసిన ప్రోగ్రాం ఒకేసారి ఎన్నో చోట్లనుంచి ఫైళ్లు తెస్తుందంట. అది నత్తనడక నడుస్తా ఉందని, సాయంత్రానికి బాగుచేయకుంటే ఉద్యోగం ఉండదని ఆఫీసులో అన్నారంట. ఆ పొద్దు చూస్తే కంప్యూటరు పక్కన పెట్టుకుని, మా వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తా ఉంది.

"ఉద్యోగం పోతా ఉంటే ఈడేం పనే నీకు?"

"ముందంతా నా ప్రోగ్రాం ఒక్కో దారికాడికీ పోయి, వచ్చిందా వచ్చిందా అని అడిగేది. అడగడంతోనే అలిసిపోయేది. ఇప్పుడు ఏ దారిలో సరుకొస్తే ఆ దారే పిలుస్తుంది, అప్పుడే నా ప్రోగ్రాం లేస్తుంది."

"ఒకటి పిలవనే లేదనుకో?"

"గడువు పెట్టినాను అవ్వా. దాటితే తనే పోయి చూస్తుంది."

కాయలు అయ్యేలోపే కంప్యూటరు టింగుమనింది. అన్నీ వచ్చేసినాయి. ఉద్యోగం నిలిచింది.

ఇప్పుడామె తిరువొత్తియూరులో కాపురముంది. ఆదివారం ఫోన్ చేస్తుంది. నేను మూతలెత్తడం మానేసినాను, గ్యాసూ మిగులుతా ఉంది. ఫోనుకాడా కాచుకుని కూచోను. దీపాలు పెట్టే వేళ దాటినా మోగకుంటే మాత్రం, నేనే చేస్తా.